రేణుకతో కుప్పం దాకా

మా తెనాలి వైపు నుంచి మదనపల్లె వెళ్లేవాళ్లు తక్కువ. టమాటాల బేరగాళ్లు వెళ్తారు, ఎండలకు తట్టుకోలేక హార్సిలీ హిల్స్ చూడబోయేవాళ్లు వెళ్తారు. రెండు వేల తొమ్మిది జూన్ మొదటి వారంలో నేను వెళ్లింది ఆ రెండింటికీ కాదు. ఇరవై ఎనిమిదేళ్లుగా నర్సు పని చేస్తున్నాను. అందులో చివరి ఆరేళ్లూ ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేయడమే నా ముఖ్యమైన పని. మదనపల్లె కమలమ్మ ఫోన్ చేసి రమ్మంటే ఆ పని మీదే వెళ్లాను.

కమలమ్మకు నలభై రెండేళ్లు. టైలరింగ్ షాపు నడుపుతుంది. భర్త ఎయిడ్స్‌తో పోయాడు, ఆమెకూ హెచ్.ఐ.వి. ఉంది. చుట్టుపక్కల మండలాల్లో ఆ జబ్బు ఉన్న ఆడవాళ్లను కూడగట్టి నెలకొకసారి తన మిద్దె మీద కూర్చోబెడుతుంది. మేమిద్దరం అంతకు రెండేళ్ల ముందు ఒక శిక్షణలో కలిశాం. ఫోన్‌లో ఆమె చెప్పింది ఇది.

"సిస్టరమ్మా, మా గుంపులో ఒకామె మొన్న పోయింది. హెచ్.ఐ.వి.తో కాదు, ఆయమ్మకు మాత్రలు బాగానే పని చేస్తాండె. గర్భసంచి మూతికాడ క్యాన్సరంట. కడదాకా యారికీ తెలీలేదు. ఇప్పుడు నాకు మా ఆడపిల్లల దిగులు పట్టుకుండాది. పుట్టుకతోనే జబ్బుతో వచ్చిన పిల్లోళ్లు. బతకరనుకుంటిమి. బతికినారు, పెద్దోళ్లయినారు, పెండ్లిండ్లు కూడా చేసుకుంటాండారు. వాళ్లను ఎవరు సూస్తారు?"

ఈ కథనంలో మనుషుల పేర్లు మార్చాను. ఊళ్ల పేర్లు మార్చలేదు.

ఘాట్ రోడ్డులో పులుపు వాసన

తిరుపతిలో రైలు దిగి మదనపల్లె బస్సెక్కాను. భాకరాపేట ఘాట్‌లో మలుపులు మొదలయ్యాక బస్సంతా ఏదో పుల్లటి వాసన. నా పక్కన కూర్చున్న పెద్దాయన తలపాగా కొసతో ముక్కు తుడుచుకుని, "ఏమ్మా, నీ సంచిలో ఊరగాయ కారతాండాది, సూసుకో" అన్నాడు.

అది ఊరగాయ కాదు. నా పరీక్షకు కావలసిన మందు. వెనిగర్‌లో ఉండే ఆమ్లమే, నీళ్లలో పలచగా కలిపి పెట్టుకుంటాం. దాన్ని దూదితో ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగితే, చెడుతున్న చోటు తెల్లగా పైకి తేలుతుంది. పెద్ద యంత్రాలు అక్కర్లేదు, మంచి వెలుతురు ఉంటే చాలు. ఆ సీసా మూత వదులై సగానికి పైగా నా చీరల మీద ఒలికిపోయింది. నాలుగు చీరల్లో మూడు ఆ వారమంతా పులుపు కంపే.

పెద్దాయనకు అదంతా ఎలా చెప్పాలో తెలియక ఊరగాయే అన్నాను. "ఏం కాయ?" అని అడిగాడు. నిమ్మకాయ అన్నాను. ఉప్పు చాల్లేదని తీర్పు చెప్పి నిద్రపోయాడు.

మదనపల్లె: మిద్దె మీద అయిదుగురు

జూన్‌లో మా ఊళ్లో ఫ్యాను ఆగితే ప్రాణం పోతున్నట్టు ఉంటుంది. మదనపల్లెలో తెల్లవారుజామున దుప్పటి కావలసి వచ్చింది. మార్కెట్‌కు పోయే టమాటా లారీలు కమలమ్మ ఇంటి ముందు నుంచే వెళ్తాయి. ఆ రోజు కాయ కిలో ఏడు రూపాయలు. ముందు వారం మూడేనని, ఇప్పుడు రైతుల మొహాల్లో కళ వచ్చిందని కమలమ్మ చెప్పింది. మాకు వరి ధర ఏడాదికొకసారి మారుతుంది. ఇక్కడ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

మొదటి పూట రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి, అంటే వేరుశెనగల రోటిపచ్చడి, పెట్టింది. సంగటి నమలకూడదని నాకు తెలియదు. నేను నములుతుంటే కమలమ్మ చాలాసేపు ఓపిక పట్టి, "మింగల్ల సిస్టరమ్మా, నమిలితే అది మాట వినదు" అంది.

సీసా నింపుకోవడానికి సగం రోజు పట్టింది. పట్టు రంగులద్దే వాళ్ల దగ్గర ఆ ఆమ్లం డబ్బాలతో ఉంటుందని ఎవరో చెబితే నీరుగట్టువారిపల్లెకు వెళ్లాం. రంగుల తొట్టి దగ్గరున్న ఆయన ఉదారంగా డబ్బా ఎత్తబోయాడు. కానీ అది మనిషి ఒంటికి వాడేది కాదు, ఎంత గాఢమో ఆయనకే తెలియదు. చివరికి ఒక రక్తపరీక్షల కుర్రాయన తన ల్యాబులోని శుద్ధమైన ఆమ్లం కొలిచి ఇచ్చాడు. దేనికని అడిగాడు, చెప్పాను. "మా అమ్మకు కూడా చేస్తారా?" అన్నాడు. సాయంత్రం ఆవిడను తీసుకొచ్చాడు. ఏమీ లేదు.

మర్నాడు మిద్దె మీదకు అయిదుగురు అమ్మాయిలు వచ్చారు. అందరూ పుట్టుకతో హెచ్.ఐ.వి. ఉన్నవాళ్లు, అందరూ పద్దెనిమిది దాటినవాళ్లు. వాళ్లను చూస్తే జబ్బు మనుషులని ఎవరూ అనుకోరు. కాకపోతే వయసుకు కొంచెం పొట్టిగా, సన్నగా ఉన్నారు. నేను చెప్పవలసింది చెప్పాను. హెచ్.పి.వి. అనేది వేరే వైరస్. మగవాడితో కలిసిన ఆడవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, ఎక్కువమందికి దానంతటదే పోతుంది. హెచ్.ఐ.వి. ఉన్న ఒంట్లో అంత తొందరగా పోదు. పోకుండా ఉండిపోతే గర్భసంచి మూతి దగ్గరి కణాలు మెల్లగా మారతాయి. మారిన దశలో పట్టుకుంటే నయం చేయడం తేలిక. వదిలేస్తే అదే క్యాన్సర్.

వాళ్లలో మాటకారి అమ్మాయి ఒకతి చెయ్యెత్తింది. "అంటే మాకు ఇంగో వైరస్సా సిస్టరమ్మా? ఒకదాన్ని సాకేదానికే రోజుకు రెండు పూట్లా మాత్రలు మింగతాండాం."

అందరూ నవ్వారు. టీకా వచ్చిందట కదా అని ఇంకొకతి అడిగింది. వచ్చింది, మూడు సూదులు, ఒక్కోటి వేలల్లో ఉంది, అది కూడా పెళ్లికి ముందే వేయించుకుంటే మేలు అన్నాను. ఆ వేల మాట విన్నాక టీకా గురించి ఎవరూ మళ్లీ అడగలేదు.

అప్పుడు నేనొక తప్పు చేశాను. మగవాడి తోడు ఎరగనివాళ్లకు ఈ పరీక్ష అక్కర్లేదు. అది ఒక్కొక్కరినీ చాటుగా అడగాలి. నాకు అది తెలుసు, పది మందికి నేర్పాను కూడా. ఆ రోజు తొందరలో, "పెళ్లయినవాళ్లు ఇటు రండి, మిగతావాళ్లు కాఫీ తాగండి" అన్నాను. ఇద్దరు ఇటు వచ్చారు. ముగ్గురు కాఫీ తాగారు. వచ్చిన ఇద్దరికీ ఏ మచ్చా లేదు. కాఫీ తాగిన ముగ్గురిలో ఒకతి రేణుక. కమలమ్మ షాపులోనే కుట్టుపని చేస్తుంది, పంతొమ్మిదేళ్లు. పుట్టిన మూడేళ్లలో తల్లీతండ్రీ ఇద్దరూ పోతే సోమల దగ్గరి పల్లెలో జేజి పెంచింది. ఆ వైపు నాయనమ్మను జేజి అంటారు. రేణుక గ్లాసు కడిగి బోర్లించి, నా వైపు ఒకసారి చూసి కిందికి దిగిపోయింది.

పుంగనూరు: ఆవును చూడలేదు

పుంగనూరు పొట్టి ఆవు గురించి చిన్నప్పటి నుంచీ వింటున్నాను. బస్టాండులో దిగగానే ఒక కిరాణా కొట్టాయన్ని అడిగాను. శెట్టిగారు బెల్లం తూస్తూ చెప్పారు. "అందరూ దిగంగానే అదే అడుగుతారమ్మా. పేరు మాది, ఆవులు యాడో పెద్దోళ్ల తోటల్లో ఉండాయి. నేను పుట్టింది ఈడనే, యాభై ఏండ్లకు రెండు తూర్లు సూసింటా." పోనీ చూసినట్టు చెప్పుకోమని సలహా ఇచ్చి, ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టారు.

కమలమ్మ నాతో రాలేదు. బడులు తెరిచే రోజులు, యూనిఫాంలు కుప్పలుగా ఉన్నాయి. పుంగనూరులో ఒక లేడీ డాక్టరు తన క్లినిక్ వెనక గది ఇచ్చారు. గుంపులోని పెద్దవాళ్లు ఏడుగురు వచ్చారు. బైరెడ్డిపల్లె నుంచి వచ్చిన ఒకావిడ పరీక్షకు ముందు నా చేతిలో నాలుగు అలసంద వడలు పెట్టి, అవి తిన్నాకే బల్ల ఎక్కుతానంది. తిన్నాను. మా గారెల కంటే కరకరలాడాయి.

రెండున్నరకు పని అయిపోయింది. చేతులు కడుక్కుంటుంటే తలుపు దగ్గర రేణుక నిలబడి ఉంది.

"నాక్కూడా సూడండి సిస్టరమ్మా."

"నీకు పెళ్లి కాలేదు కదా?"

"అయింది. ఎనిమిది నెలలయింది. కమలత్తకు తెలీదు. జేజికి జరం, సూసొస్తానని అత్తకు చెప్పి వచ్చినా."

తలుపు వేసి కూర్చోబెట్టాను. అబ్బాయి పేరు శ్రీనివాసులు. కుప్పంలో గ్రానైట్ రాళ్లు పాలిష్ చేసే చోట పని. ఒకప్పుడు మదనపల్లెలో పనికి ఉన్నప్పుడు పరిచయం. గుడిలో తాళి కట్టాడు. ఆమె జబ్బు సంగతి అతనికి పరిచయమైన మొదటి నెలలోనే చెప్పింది. అతను పరీక్ష చేయించుకున్నాడు, అతనికి లేదు. జాగ్రత్త పడుతున్నారా అని అడిగాను. ఎప్పుడూ తప్పలేదంది. ఆ జాగ్రత్త హెచ్.ఐ.వి.ని ఆపినంత గట్టిగా ఈ రెండో వైరస్‌ను ఆపలేదు. ఆ మాట అప్పుడు చెప్పలేదు, తర్వాత చెప్పాను.

"మరి ఎందుకు దాచావు?"

"జేజికి నా పెండ్లి మాట ఎత్తితే పడదు. ఊర్లో అందరికీ నాకు గుండె జబ్బని చెప్పింటాది. ఎవరన్నా సంబంధం తెస్తే చెప్పు తీసుకుంటాది. ఆయమ్మకు ఎట్ల చెప్పాల్నో తెలీక ఒక నెల, ఇంగో నెల అట్లనే అయిపోయె."

బల్ల ఎక్కించి పరీక్ష చేశాను. మందు అద్ది గడియారం వంక చూస్తూ నిమిషం ఆగాను. ముఖద్వారం పై అంచున తెల్లటి మచ్చ తేలింది. అంచులు స్పష్టంగా ఉన్నాయి. మళ్లీ అద్ది మళ్లీ చూశాను. లేడీ డాక్టరుగారిని పిలిచి చూపించాను. ఆమె కూడా టార్చి పట్టుకుని చూసి తల ఊపారు.

రేణుక పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. "ఉండాదా?" అని అడిగింది.

"ఒక తెల్ల మచ్చ ఉంది."

"కమలత్తా వాళ్ల గుంపులో చచ్చిపోయినామెకు ఉన్నట్టా?"

"ఆమెకు నొప్పి, రక్తం మొదలయ్యాక తెలిసింది. నీకు ఇంకా ఏమీ మొదలు కాకముందే చూశాం. క్యాన్సర్ కాదని ఒట్టు పెట్టి చెప్పలేను. పెద్దగా చేసి చూపే అద్దంతో చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితేనే తెలుస్తుంది. కానీ నేను చూసినంతలో ఇది నయమయ్యే దశ."

ఆమె లేచి కూర్చుని చీర సర్దుకుంది. ఏడవలేదు. "సిస్టరమ్మా, మీరు మొన్న అట్ల అందరి ముందర అడక్కుండా ఉంటే మొన్ననే చెప్పిందును" అంది. నిజమే అన్నాను.

ఆ ఊళ్లో ముక్క తీయడానికి గానీ, మచ్చకు వైద్యం చేయడానికి గానీ పరికరం లేదు. కుప్పంలో ఒక నర్సింగ్ హోమ్ డాక్టరమ్మ దగ్గర ఉందని తెలిసి, ఇక్కడి డాక్టరుగారే ఫోన్ చేశారు. ఆమె రమ్మన్నారు. హెచ్.ఐ.వి. మందుల పుస్తకం, ఈ మధ్య చేసిన రక్తపరీక్ష కాగితాలు తప్పకుండా తెమ్మన్నారు.

"శీనుకు ఫోన్ చేస్తా, ఆడ ఉంటాడు" అని రేణుక తేలిగ్గా ఊపిరి తీసుకుంది. మరుక్షణం ఆమె మొహం మారింది. "కాగితాలు జేజి ట్రంకు పెట్టెలో ఉండాయి."

సోమల దారి: విత్తనం కాయలు

మర్నాడు పొద్దున్నే సోమల బస్సెక్కి, అక్కడి నుంచి షేర్ ఆటోలో పల్లెకు పోయాం. నేల ఎర్రగా, మధ్య మధ్య బండలు. మా వైపు ఎటు చూసినా కాలువ ఉంటుంది. ఇక్కడ మనుషులు మాట్లాడేటప్పుడు కూడా ఒక కన్ను మబ్బు మీదే ఉంటుంది. ఆటో అతను ఒక్క వాన పడితే విత్తుతారని నాలుగుసార్లు చెప్పాడు.

జేజి పేరు సుబ్బమ్మ. అరవై అయిదు పైన ఉంటాయి. రెండెకరాల మెట్ట సొంతానికి చేస్తుంది. ఇంటి ముందు చాప వేసుకుని విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి, "ఎవరమ్మా ఈయమ్మ?" అంది. కమలమ్మ స్నేహితురాలిని, నర్సును అన్నాను. వెంటనే చేతులు ఆగాయి. "పాపకు ఏమైంది?" లోపల చిన్న మచ్చ ఉందని, కుప్పంలో నయం చేయించాలని, దానికి కాగితాలు కావాలని చెప్పాను.

దారిలోనే నేను రేణుకకు చెప్పి ఉన్నాను. జబ్బు సంగతి అడిగితే నేను వివరిస్తాను, పెళ్లి సంగతి మాత్రం నువ్వే చెప్పాలి. చెప్పకుండా కాగితాలు మాత్రం అడిగి తీసుకుపోవచ్చు కూడా, అది నీ ఇష్టం. రేణుక చాప మీద కూర్చుని ఒక గుప్పెడు కాయలు ఒళ్లోకి తీసుకుంది. నేనూ తీసుకున్నాను. విత్తనం పప్పు పైపొట్టు ఊడకుండా ఒలవాలని, ఊడితే మొలవదని సుబ్బమ్మ నాకు నేర్పింది. కొంతసేపు ముగ్గురం ఒలిచాం.

"జేజీ, నేను పెండ్లి చేసుకున్యా" అంది రేణుక, తల ఎత్తకుండా.

సుబ్బమ్మ ఒలుస్తూనే ఉంది. ఒక పది కాయలు ఒలిచాక అడిగింది.

"వానికి తెల్సునా?"

"తెల్సు."

"ఏం తెల్సు?"

"అంతా."

"మాత్రలు?"

"రోజూ ఎనిమిదికి ఫోన్ చేస్తాడు, ఏసుకుంటివా అని."

"ఎన్నాళ్లాయె?"

"ఎనిమిది నెలలు."

"ఎనిమిది నెలల్లో ఉగాదికి వచ్చినావు, నీళ్ల కరువొస్తే వచ్చినావు, నాకు కాలు బెణికితే వచ్చినావు." అంతే అంది. చేతిలోని పొట్టు దులుపుకుని లోపలికి పోయింది. గొళ్లెం తీసిన చప్పుడు, పెట్టె మూత చప్పుడు వినిపించాయి. రేణుక లేవబోతే నేను చెయ్యి పట్టుకున్నాను.

సుబ్బమ్మ ఒక గుడ్డసంచి తీసుకుని బయటికి వచ్చింది. చీర మార్చుకుంది. సంచిలో రేణుక పుట్టినప్పటి నుంచీ ఉన్న ప్రతి చీటీ, ప్రతి రిపోర్టు దారంతో కట్టి పెట్టి ఉన్నాయి. సుబ్బమ్మకు చదువు రాదు. ఏ కట్ట ఏదో రంగు దారంతో గుర్తు పెట్టుకుంది. మందుల పుస్తకం కట్టకు ఎర్ర దారం.

ఆమె రేణుక వైపు చూడలేదు. నన్ను అడిగింది. "కుప్పం బస్సు ఎన్నింటికమ్మా?"

చాప మీది విత్తనాలు పక్కింటావిడకు అప్పగించి, కోళ్లు రాకుండా చూడమని మూడుసార్లు చెప్పి బయలుదేరింది.

పలమనేరు దాటాక

పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి సాయంత్రం అయింది. దారంతా సుబ్బమ్మ రేణుకతో ఒక్క మాట మాట్లాడలేదు. మా ఇద్దరి మధ్య ఆమె కూర్చుంది. నాతో మాత్రం చాలా మాట్లాడింది. మా ఊళ్లో అరటికాయ ధర, మాకు వానలు ఎప్పుడు వస్తాయి, కాలువ నీళ్లకు ఎవరైనా కాపలా ఉంటారా. కాలువలో నీళ్లు ఎవరు కావాలంటే వాళ్లు ముంచుకుంటారంటే నమ్మలేదు. పలమనేరులో బస్సాగినప్పుడు నేను ఓళిగలు కొన్నాను. మేం బొబ్బట్లంటాం, మావి మందంగా చిన్నగా ఉంటాయి. ఇవి పేపరంత పలుచన, పళ్లెమంత వెడల్పు. మూడు కొంటే సుబ్బమ్మ ఒకటి తీసుకుని, రెండోది నాకిచ్చి, మూడోది ఏమీ అనకుండా రేణుక ఒళ్లో పడేసింది.

మధ్యలో ఒకసారి మెల్లగా, "కోస్తారా?" అని అడిగింది. కోయరు, మచ్చ ఉన్న చోటును విపరీతమైన చలువతో గడ్డకట్టించి చంపేస్తారు, పదకొండు నిమిషాల పని అన్నాను. "ఐసు పెడతారన్నమాట" అంది. దాదాపు అంతే అన్నాను.

కుప్పం: మూడు భాషలు

కుప్పం బస్టాండు హోటల్‌లో యజమాని తెలుగులో పలకరించి, తమిళంలో లెక్క చెప్పి, వంటవాడిని కన్నడంలో తిట్టాడు. నాకు ఆ మూడింటిలో ఏది ఎప్పుడు మొదలవుతుందో అర్థం కాలేదు. అందరికీ అన్నీ వచ్చు. ఇడ్లీ మూడు ఆరు రూపాయలు, సాంబారు అడిగినంత.

శ్రీనివాసులు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. ఇరవై నాలుగేళ్లుంటాయి, కనుబొమ్మల్లో ఇంకా రాతిపొడి. సుబ్బమ్మ కాళ్లకు దండం పెట్టబోతే ఆమె రెండడుగులు వెనక్కి జరిగింది. హోటల్ బెంచీ మీద కూర్చుని, అతన్ని నిలబెట్టే అడిగింది.

"ఎంత దాకా సదివినావు?"

"పది. తప్పినాను."

"అమ్మానాయనా?"

"లేరు. అన్న బెంగుళూరులో ఉండాడు."

"మా పాపకుండేది రెండెకరాల మెట్ట, ఒక జబ్బు. యాల చేసుకుంటివి?"

అతను ఆలోచించాడు. చుట్టూ జనం ఉన్నారు, ఇడ్లీలు వస్తున్నాయి, పోతున్నాయి. "మాట్లాడతా ఉంటే బాగుంటాది జేజీ" అన్నాడు.

"నాతో మాత్రం అది ఎనిమిది నెలలు ఈ ఒక్క మాట మాట్లాడలేదు" అంది సుబ్బమ్మ.

ఆ సాయంత్రం నర్సింగ్ హోమ్‌కు వెళ్తే డాక్టరమ్మ కాన్పు గదిలో ఉన్నారు. కాగితాలు మాత్రం చూసి, రక్తపరీక్ష బాగానే ఉందని, మర్నాడు పొద్దున పదికి రమ్మని కబురు పంపారు. శ్రీనివాసులు తన గదికి రమ్మన్నాడు. సుబ్బమ్మ రానంది. ఆమె, నేను లాడ్జిలో దిగాం. రేణుక ఎటు వెళ్లాలో తెలియక మెట్ల దగ్గర నిలబడింది. "మొగుని ఇంటికి పోయేదానికి కూడా నేనే చెప్పల్లనా?" అని సుబ్బమ్మ గోడతో అంది.

పొద్దున ఏడింటికి శ్రీనివాసులు వచ్చి, సంగటి చేశాను, తిని పోదాం రండి అన్నాడు. సుబ్బమ్మ నా వంక చూసింది. నేను సంచి భుజానికి తగిలించుకున్నాను. అతని గది ఒకటే గది, గోడకు రేణుక పాస్‌పోర్టు సైజు ఫోటో, దాని కింద కాగితం మీద పెద్ద అక్షరాలతో 'ఉదయం 8, సాయంత్రం 8'. సంగటి నిండా ఉండలు. సుబ్బమ్మ కాసేపు చూసి ఓర్చుకోలేక తెడ్డు లాక్కుని, గిన్నె రెండు కాళ్ల మధ్య ఇరికించుకుని తనే కెలికింది. అతను పక్కన గొంతుక్కూర్చుని నీళ్లు అందించాడు. ఎనిమిది కొట్టగానే రేణుక మాత్ర వేసుకుంది. సుబ్బమ్మ అది చూసింది.

పదకొండు నిమిషాలు

లోపల రేణుకతో పాటు నన్ను ఉండనిచ్చారు. డాక్టరమ్మ పెద్ద అద్దంలోంచి చూసి, నాతో ఏకీభవించారు. ముందు గోరంత ముక్క తీసి సీసాలో వేశారు. తర్వాత సన్నటి గొట్టం చివర ఉన్న బిళ్లను మచ్చ మీద ఆనించి గ్యాసు తిప్పారు. మూడు నిమిషాలు గడ్డకట్టించడం, అయిదు నిమిషాలు ఆగడం, మళ్లీ మూడు నిమిషాలు. రేణుక నా చెయ్యి పట్టుకుంది.

"పొట్ట కింద పీకతాండాది."

"అంతకంటే ఎక్కువ పీకదు."

"బయట జేజి ఏం చేస్తాండాది?"

తలుపు సందులోంచి చూశాను. సుబ్బమ్మ, శ్రీనివాసులు ఒకే బెంచీ మీద రెండు చివర్లలో కూర్చున్నారు. ఆమె గుడ్డసంచి విప్పి, ఏ దారం దేనికో ఒక్కొక్క కట్టా ఎత్తి అతనికి చూపిస్తోంది. అతను జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో రాసుకుంటున్నాడు. ఆ సంగతి రేణుకకు చెప్పాను. ఆమె కళ్లు మూసుకుంది. ఆ మూడు రోజుల్లో ఆమె కళ్లల్లో నీళ్లు చూసింది అప్పుడే.

తీసిన ముక్క రిపోర్టు నేను తెనాలి చేరిన పన్నెండో రోజున వచ్చింది. క్యాన్సర్ లేదు, దానికి ముందు దశలో మారిన కణాలేనని కమలమ్మ ఫోన్‌లో చదివి వినిపించింది. రేణుక ఆమెకు కూడా పెళ్లి సంగతి చెప్పేసిందట. కమలమ్మ రెండు రోజులు అలిగి, మూడో రోజు ఒక చీర పెట్టిందట.

ఆ రోజు కుప్పంలో మాత్రం మాకింకా ఏమీ తెలియదు. పని అయ్యాక డాక్టరమ్మ అందరినీ తన గదిలో కూర్చోబెట్టి చెప్పారు. నెల రోజులు నీళ్లలా పోతుంది, భయపడొద్దు. నెల దాకా ఇద్దరూ దూరంగా ఉండండి. జ్వరం గానీ, రక్తం ఎక్కువగా గానీ వస్తే వెంటనే రండి. ఆరు నెలలకు ఒకసారి చూద్దాం, ఆ తర్వాత ఏడాదికొకసారి తప్పకుండా రావాలి. ఇవన్నీ ఆమె రోజూ పది మందికి చెప్పే మాటల్లాగే, కాగితం మీద రాస్తూ, తల ఎత్తకుండా చెప్పారు.

"ఎన్నేండ్లు రావల్లమ్మా?" అని సుబ్బమ్మ అడిగింది.

"ఈ అమ్మాయికి అరవై వచ్చేదాకా."

"ఇంగోసారి చెప్పమ్మా."

వినపడలేదనుకుని డాక్టరమ్మ గట్టిగా, "అరవై ఏళ్లు వచ్చేదాకా, ప్రతి ఏడూ" అన్నారు.

సుబ్బమ్మ నా వైపు తిరిగింది. "దీనికి ఎనిమిదేండ్లప్పుడు ఒక డాక్టరు, ఇంగ రెండేండ్లు, మంచిగా సూసుకో అవ్వా అన్యాడు. పదైదేండ్లప్పుడు ఇంగొకాయన అదే మాట చెప్పె. నేను పెండ్లి మాట యాల ఎత్తనిస్తానమ్మా? యావ పిల్లోని ఇంట్లోకి పంపేది దీన్ని, రెండేండ్లకని?"

డాక్టరమ్మ రాయడం ఆపారు. మందులు మానకుండా వేసుకుంటోంది, రక్తపరీక్షలు బాగున్నాయి, అరవై దాకా ఎందుకు ఉండదు అన్నారు. మామూలు గొంతుతోనే అన్నారు.

శ్రీనివాసులు వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. "దానికి అరవై అంటే, రెండు వేల యాభై" అన్నాడు.

సుబ్బమ్మ సంచి మూతి బిగించి కట్టింది. లేచి నిలబడి, సోమల వదిలాక మొట్టమొదటిసారి నేరుగా రేణుక మొహంలోకి చూసి మాట్లాడింది.

"నేనుంటానా అప్పటికి. నిన్ను పిల్చుకోని రమ్మను నీ మొగుణ్ని. రెండు వేల యాభైకి ఈ కుప్పం బస్సు చార్జీ ఎంత చేసింటారో, ఇప్పటి నుంచే ఎత్తిపెట్టుకోండి."